పాత లారీ కొంటున్నారా? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి

ప్రశ్న: పదకొండేళ్లుగా వేరేవాళ్ల దగ్గర లారీ డ్రైవర్‌గా పనిచేస్తున్నాను. కొంత డబ్బు కూడబెట్టాను, మిగతాది అప్పు తీసుకుని సొంతంగా ఒక సెకండ్ హ్యాండ్ లారీ కొందామనుకుంటున్నాను. ఒక బండి నచ్చింది. ఆరు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజన్, మీటర్‌లో 5 లక్షల 40 వేల కిలోమీటర్లు ఉంది. పోయినేడు ఇంజన్ పని చేయించామని ఓనరు చెబుతున్నాడు. మధ్యాహ్నం వెళ్లి చూశాను. సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది, పొగ లేదు, సౌండు బాగుంది. తెలిసిన మెకానిక్ కూడా విని బాగానే ఉందన్నాడు. రెండు రోజుల్లో అడ్వాన్స్ ఇవ్వకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానని ఓనరు అంటున్నాడు. మా బావమరిదేమో తొందరపడొద్దంటున్నాడు. నాకు నడపడం తెలుసు గానీ ఇంజన్ లోపలి సంగతి అంతగా తెలియదు. ఏం చూసి నమ్మాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం: మీ బావమరిది మాట వినండి. అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వకండి. ఆ బండి బాగోలేదని నేను అనడం లేదు, బాగుండొచ్చు కూడా. కానీ మీరు రాసినదాన్ని బట్టి మీరింకా ఆ ఇంజన్ని చూడలేదు. మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉందా, చల్లగా ఉందా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. నేనైతే అన్నిటికంటే ముందు అదే అడుగుతాను.

వేడిగా ఉన్న డీజిల్ ఇంజన్ ఎంత అరిగిపోయినదైనా చాలాసార్లు సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. దానికి కారణం తెలిస్తే మిగతా పరీక్షలన్నీ మీకే అర్థమవుతాయి. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. 1890లలో రుడాల్ఫ్ డీజిల్ ఈ ఇంజన్‌ని తయారుచేసినప్పటి నుంచీ సూత్రం ఒకటే: గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. లారీ ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చేసరికి గాలి దాదాపు 16, 17 వంతుల్లో ఒక వంతుకు కుదించుకుపోయి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. అందులోకి నాజిల్ డీజిల్ చల్లితే అదే మండుతుంది. పిస్టన్ ఆడే గొట్టం, అంటే బోరు అరిగినా, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు గాడిలో పట్టేసినా, వాల్వులు సరిగా కూర్చోకపోయినా ఆ గాలి పక్కల నుంచి జారిపోతుంది. వేడి చాలదు. ఇంజన్ ముందే వేడెక్కి ఉంటే ఈ లోపం దాగిపోతుంది. పిస్టన్లు వ్యాకోచించి సందు తగ్గుతుంది, బోరు గోడలు కూడా వేడిగా ఉంటాయి కాబట్టి ఎలాగోలా అంటుకుంటుంది. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌కి ఆ సాయం ఉండదు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. నా మొదటి బండిని సాయంత్రం పూట చూశాను. అమ్మే ఆయనే దాన్ని నడుపుకుంటూ నేనున్న చోటికి తెచ్చాడు. ఎంత మర్యాదగా ఉన్నాడో అనుకున్నాను. వెంటనే స్టార్టయింది, పొగ లేదు, అచ్చం మీరు రాసినట్టే. ఇంటికి తెచ్చుకున్న మర్నాడు ఉదయం బ్యాటరీ దిగిపోయేదాకా సెల్ఫ్ కొట్టినా అందుకోలేదు. చివరికి అందుకున్నాక వచ్చిన తెల్లపొగకి ఎదుటి మనిషి కనపడలేదు. మూడు వారాలకు ఇంజన్ విప్పాం. రెండు బోర్లు అరిగిపోయి ఉన్నాయి, ఒక పిస్టన్ రింగులు గాడిలోనే పట్టేసి ఉన్నాయి. ఇంజన్ పనికైన ఖర్చు ఒక బాధ, బండి ఆగిపోయిన నెలన్నరలో అప్పు వాయిదాలు ఆగకపోవడం ఇంకో బాధ. మీరు కూడా అప్పు చేసే కొంటున్నారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి ఓనరుతో ఇలా మాట్లాడండి: "రేపు పొద్దున్నే వస్తాను, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు." అనుకున్న సమయానికంటే ఒక అరగంట ముందే చేరుకోండి. వెళ్లగానే ఇంజన్ బ్లాకు మీద, సైలెన్సర్ వైపు మానిఫోల్డ్ మీద అరచెయ్యి ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉన్నా సరే, ఆ రోజు చూడటం మానేసి ఇంకో రోజు వస్తానని చెప్పండి. చలి ప్రాంతాల బళ్లలో బ్లాకుని వేడిచేసే హీటర్ ఉంటుంది. దాని ప్లగ్గు పెట్టి ఉంచారేమో కూడా చూడండి.

స్టార్ట్ చేసే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి, తొందరపడకండి. ముందు రేడియేటర్ మూత తీయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఈ పని. వేడిగా ఉన్నప్పుడు తీస్తే మరుగుతున్న నీళ్లు మొహాన చిమ్ముతాయి. కూలెంట్ రంగు శుభ్రంగా ఉందా, తుప్పు నీళ్లలా ఉందా? రంగు లేని వట్టి నీళ్లే ఉంటే నాకు అనుమానం వస్తుంది. కూలెంట్ ఎప్పటికప్పుడు తగ్గిపోతుంటే కొందరు ఖర్చు భరించలేక నీళ్లు పోస్తూ వెళ్తారు. పైగా తడి లైనర్లున్న (బోరుకి వేసే తొడుగు లైనర్, దాని బయటివైపు నేరుగా కూలెంట్ తగులుతుంటే తడి లైనర్) ఇంజన్లలో సరైన కూలెంట్ లేకపోతే లైనర్ బయటి గోడకి గుంటలు పడతాయి. పిస్టన్ దెబ్బలకు లైనర్ అదిరినప్పుడల్లా దాని చుట్టూ చిన్న చిన్న ఆవిరి బుడగలు పుట్టి పగులుతుంటాయి. ఆ బుడగలు పగిలే దెబ్బలే లోహాన్ని తొలిచి చివరికి సూది మొన అంత రంధ్రం చేస్తాయి. అక్కడి నుంచి కూలెంట్ సిలిండర్‌లోకీ, ఆయిల్‌లోకీ దిగుతుంది. బయటికి ఏమీ కనిపించదు.

రేడియేటర్‌లో నూనె తేలుతుంటే బ్లాకుకీ దాని పైనుండే హెడ్డుకీ మధ్య వేసే హెడ్ గాస్కెట్ పోయిందని వెంటనే తేల్చేయకండి. ఆయిల్ కూలర్ లోపల చిల్లు పడినా అలాగే తేలుతుంది, అది చాలా చిన్న పని. ఏదన్నది తేలేదాకా మాత్రం డబ్బు చేతులు మారకూడదు.

తర్వాత ఇంజన్ ఆయిల్. డిప్‌స్టిక్ తీసి నల్లగా ఉందని కంగారుపడొద్దు, డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజులకే నల్లబడుతుంది. మట్టం చూడండి, వేళ్ల మధ్య రుద్ది చూడండి, వాసన చూడండి. మట్టం గీత దాటి ఎక్కువుండి, పల్చగా, డీజిల్ వాసన కొడుతుంటే నాజిళ్ల నుంచో పంపు నుంచో డీజిల్ కిందికి దిగుతోందని అర్థం. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. మూత లోపల మాత్రమే కొంచెం తెల్లటి నురుగుంటే అది ఆవిరి చెమ్మ కావచ్చు, చలికాలంలో తక్కువ దూరాలు తిరిగే బళ్లకు వస్తుంది. మరీ చిక్కగా, జిగురుగా ఉంటే శబ్దం, పొగ కప్పిపుచ్చడానికి ఏదో కలిపారేమో అడగండి. తేనె రంగులో కొత్త ఆయిల్ మెరుస్తుంటే ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అనీ అడగండి. అమ్మే ముందు ఆయిల్ మార్చడం తప్పేమీ కాదు. కాకపోతే పాత ఆయిల్ చెప్పగలిగిన సంగతులన్నీ దాంతోపాటే పోతాయి.

ఓనరు ఒప్పుకుంటే ఒక పని చేయించండి. నా లెక్కలో ఇది చాలా విలువైన పరీక్ష, ఖర్చూ లేదు. ఆయిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌లో నీళ్లేమైనా ఉంటే సంప్ (ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) అడుగుకి చేరి ఉంటాయి. కింద డ్రైన్ బోల్టుని పూర్తిగా తీయకుండా మెల్లగా వదులు చేసి మొదటి నాలుగు చుక్కలు గిన్నెలో పట్టండి. ముందు నీళ్లో కూలెంటో వచ్చి తర్వాత ఆయిల్ వస్తే ఆ బండి విషయం అక్కడితో ఆపేయొచ్చు. నీళ్లు కలిసిన ఆయిల్‌తో నడిచిన ఇంజన్‌లో బేరింగులు ఏ స్థితిలో ఉన్నాయో బయటి నుంచి ఎవరూ చెప్పలేరు.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. ఫిల్టర్ కొత్తదా పాతదా అన్నది అంత ముఖ్యం కాదు. ఫిల్టర్ దాటాక, ఇంజన్‌లోకి గాలిని గట్టిగా తోసే టర్బోకి వెళ్లే పైపులోకి చెయ్యి పెట్టి తెల్లగుడ్డతో లోపలి గోడ తుడవండి. గుడ్డకి మట్టి అంటితే ఫిల్టర్ తప్పించుకుని దుమ్ము లోపలికి వెళ్తోందన్నమాట. దుమ్మంటే సన్నటి ఇసుకే. బోరునీ రింగుల్నీ సానబట్టినట్టు అరగదీస్తుంది. మీటర్‌లో కిలోమీటర్లు తక్కువున్నా సరే, దుమ్ము తిన్న ఇంజన్ ముసలిదే. అదే పైపు విప్పినప్పుడు టర్బో చక్రాన్ని వేళ్లతో కదిలించి చూడండి. పక్కలకు కొద్దిగా ఆడటం మామూలే, ఇరుసు ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది కాబట్టి. ముందుకీ వెనక్కీ లాగితే ఆట చేతికి తెలియకూడదు. రెక్కల అంచులు గోడకి రాసుకున్న గీతలుంటే, రెక్కలు కొరికినట్టు ఉంటే టర్బో పని తప్పదు. నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరిగే వస్తువు అది.

ఇప్పుడు స్టార్ట్ చేయమనండి. మీరు కేబిన్‌లో కూర్చోకండి, మీ మెకానిక్‌ని అక్కడ కూర్చోబెట్టి మీరు సైలెన్సర్ కనిపించే చోట నిలబడండి. తాళం తిప్పగానే, ఇంజన్ అందుకోకముందు, ఆయిల్ ప్రెషర్ లైటూ ఇంజన్ చెక్ లైటూ వెలగాలి, అందుకున్నాక ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేశారో వైరు కోశారో, ఏదైనా మంచి సంగతి కాదు. గాలి పైపులోకి స్టార్టింగ్ స్ప్రే కొడుతున్నారేమో గమనించండి. సెల్ఫ్ తిరిగే చప్పుడు వినండి: ఆరు సిలిండర్లూ సమానంగా ఉంటే ఒకే లయలో తిరుగుతుంది. ఒక చోట జారినట్టు, అక్కడ మాత్రం వడిగా తిరిగినట్టు వినిపిస్తే ఆ సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువున్నట్టే. బ్యాటరీ బాగుంటే, వాతావరణం మరీ చల్లగా లేకపోతే, రెండు మూడు సెకన్లలో అందుకోవాలి.

పొగ గురించి మీరు పొగ లేదని ఒక్క ముక్కలో రాశారు. పొగ రంగు, అది వచ్చే సందర్భం, ఆగే సమయం మూడూ కలిపి చూడాలి. చల్లటి ఇంజన్ మొదట కాస్త తెల్లపొగ వదిలి నిమిషం రెండు నిమిషాల్లో ఆపేస్తే తప్పు పట్టకండి. ఆగకుండా వస్తూ కళ్లు మండిస్తుంటే కాలని డీజిల్ అది: కంప్రెషన్ తక్కువో, నాజిల్ సరిగా చల్లకపోవడమో. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లగా, ఆవిరిలా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ కాలుతోంది. గాస్కెట్, లైనర్, హెడ్ పగులు, ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్న బండైతే దాని కూలర్, వీటిలో ఏదైనా కావచ్చు. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. అది లోడు మీద లాగుతున్నప్పుడు వస్తే రింగుల్నీ బోరునీ అనుమానించండి. పల్లంలో యాక్సిలరేటర్ వదిలేసి దిగి మళ్లీ తొక్కినప్పుడు గుప్పున వస్తే వాల్వ్ గైడ్లు, సీళ్ల వైపు చూడండి, టర్బో సీలు పోయినా రావచ్చు. నల్లపొగ వీటన్నిటికంటే తక్కువ భయపెట్టేది. గాలి చాలకో డీజిల్ ఎక్కువయ్యో వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, టర్బో గొట్టం పగిలినా, నాజిల్ కారినా, పికప్ కోసం ఎవరైనా డీజిల్ పెంచినా అదే పొగ.

తర్వాత మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనే దాన్ని చూడండి. ఇంజన్ స్లోలో నడుస్తుండగా ఆయిల్ పోసే మూతని తిప్పి వదులు చేసి, తీసి తలకిందులుగా ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టండి. ఆయిల్ చిమ్మే అవకాశం ఉంటుంది కాబట్టి మొహం దూరంగా ఉంచండి. మూత కొద్దిగా వణుకుతూ అక్కడే కూర్చుంటే సరే. ఎగిరి పడితే, లోపలి నుంచి పొగ రైలింజన్‌లా పొంగితే పిస్టన్ల పక్కనుంచి మంట గ్యాసు కిందికి దిగుతోంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, మంచి మెకానిక్‌లు కూడా మరిచిపోతారు. ఎయిర్ బ్రేకులున్న బండిలో ఇంజన్‌కి తగిలించిన కంప్రెసర్ అరిగిపోతే దాని గాలి కూడా ఇంజన్ లోపలికే వస్తుంది. టర్బో సీలు పోయినా అంతే. బోరు బాగున్న ఇంజన్‌ని కూడా ఈ రెండూ దోషిలా నిలబెడతాయి. అందుకే ఎయిర్ ట్యాంకుల కింద డ్రైన్ తీసి చూడండి. నీళ్లతో పాటు ఆయిల్ ధారగా వస్తే కంప్రెసర్ అరిగినట్టే, దాన్ని పక్కన పెట్టి మళ్లీ చూశాకే బోరు గురించి మాట్లాడాలి. గుర్తు ఒక్కటే కనిపించినప్పుడు తీర్పు చెప్పకూడదు. కష్టంగా స్టార్టవడం, నీలిపొగ, బ్యాక్ కంప్రెషన్, ఆయిల్ తగ్గడం, వీటిలో రెండు మూడు ఒకే వైపు వేలు చూపిస్తేనే నమ్మండి.

ఇక రోడ్డు. ఇక్కడ మీకంటే బాగా ఏ మెకానిక్కూ చూడలేడు. పదకొండేళ్లు లోడు బండి నడిపిన పాదం మీది. ఖాళీ బండి మాత్రం నడపొద్దు, అది మీకేమీ చెప్పదు. లోడు వేసి, కనీసం ఒక గంట, అందులో ఒక పొడవాటి ఎత్తు రోడ్డు ఉండేలా నడపండి. లోడు వేయడం కుదరదని ఓనరంటే ఆ ఖర్చు మీరు పెట్టుకోండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎంత వేగం నిలుస్తోంది, మీరు నడిపిన ఇలాంటి బండితో పోల్చుకోండి. టెంపరేచర్ ముల్లు ఒక చోటికి వచ్చి నిలవాలి. ఎత్తులో ఎక్కుతూ పోయి, పల్లంలో దిగి, మళ్లీ ఎక్కుతూ ఆడుతుంటే రేడియేటరో ఫ్యానో గాస్కెటో, ఏదో ఒకటి దాస్తోంది. లాగుతున్నప్పుడు లోతుగా, ఇంజన్ లయకి సరిగ్గా "టక్ టక్"మని కింది నుంచి బరువైన దెబ్బ వినిపిస్తే అది బేరింగ్ కావచ్చు. పైనుంచి తేలికగా వచ్చే చప్పుడు టాపెట్లది, దాని గురించి భయం వద్దు. పాత తరహా పంపు ఉన్న ఇంజన్లలో ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ ఆపితే చప్పుడు మారుతుందో మెకానిక్‌లు పట్టుకుంటారు. అన్ని నాజిళ్లకూ ఒకే పైపు నుంచి భారీ ఒత్తిడితో డీజిల్ అందే కామన్ రైల్ ఇంజన్ మీద ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. ఆ పైపుల్లో ఒత్తిడి 1,600 బార్ కూడా దాటవచ్చు, సన్నటి చిమ్ము చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దూరుతుంది, చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. వాటికి స్కానర్‌తోనే సిలిండర్లు ఆపి చూడాలి.

తిరిగి వచ్చాక ఇంజన్ ఆపకండి. స్లోలో వదిలి ఆయిల్ ప్రెషర్ చూడండి. అప్పుడు, ఆయిల్ బాగా వేడెక్కి పల్చబడ్డాక వచ్చే రీడింగే లెక్కలోకి వస్తుంది. పొద్దున చల్లటి చిక్కటి ఆయిల్‌తో అరిగిన బేరింగులున్న ఇంజన్ కూడా గొప్ప ప్రెషర్ చూపిస్తుంది. పాతకాలం నుంచి చెప్పే కొలత ఒకటుంది: ప్రతి 1,000 ఆర్‌పీఎంకి (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లకి) 10 పీఎస్‌ఐ ఒత్తిడి. అది ఉజ్జాయింపు మాత్రమే, ఆ ఇంజన్ కంపెనీ మాన్యువల్‌లో ఉన్న అంకెదే తుది మాట. డ్యాష్‌బోర్డు గేజ్‌ని నమ్మకుండా మెకానిక్ చేత వేరే గేజ్ తగిలించి చూపించమనండి. పది నిమిషాల పని.

ఆ తర్వాత ఆపి, పావుగంట ఆగి, మళ్లీ స్టార్ట్ చేయండి. పొద్దున చక్కగా అందుకుని, వేడిమీద మొండికేసే బళ్లు ఉంటాయి. వేడి డీజిల్ పల్చబడి, అరిగిన పంపు లోపల్నుంచో నాజిళ్ల రిటర్న్ నుంచో జారిపోతుంది, కావలసిన ఒత్తిడి రాదు. కామన్ రైల్‌లో ఈ రిపేరు చిన్నది కాదు.

మొదట చూసినప్పుడు ఇంజన్ కడిగి తళతళలాడుతూ ఉండి ఉంటుంది. ఈ గంట ప్రయాణం తర్వాత కిందికి వంగి మళ్లీ చూడండి. ఎక్కడ కొత్తగా చెమ్మ పడిందో అదే నిజమైన లీకు. ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య నుంచి ఆయిల్ చుక్కలు పడుతుంటే వెనక సీలు పోయి ఉండొచ్చు. సీలు చవకే, కానీ దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి.

మీ బండి కంప్యూటర్ ఉన్న ఇంజనా, పాత పంపు ఇంజనా మీరు రాయలేదు. కంప్యూటర్ ఉంటే స్కానర్ పెట్టించకుండా కొనకండి. ఎర్రర్ కోడ్లు లేవంటే సంతోషపడకుండా, వాటిని ఎప్పుడు చెరిపారో కూడా చూడమనండి. నాకు అంతకంటే ముఖ్యమైనది ఇంజన్ గంటలు. చాలా ఇంజన్ల కంప్యూటర్‌లో మొత్తం ఎన్ని గంటలు నడిచింది, అందులో ఊరికే స్లోలో ఎన్ని గంటలు నిలబడింది ఉంటుంది. మీ మీటర్‌లోని 5,40,000 కిలోమీటర్లకు 12,000 గంటలు ఉంటే గంటకు సగటున 45 కిలోమీటర్లు, దూర ప్రయాణాల బండికి నమ్మదగ్గ లెక్క. 22,000 గంటలు ఉంటే సగటు 25 కూడా రాదు. అంటే ఇంజన్ చాలాకాలం నిలబడి నడిచింది, లేదా మీటర్ వెనక్కి తిప్పారు. రెండింటిలో ఏదైనా ఆ ఇంజన్ అరుగుదల మీటర్ చెప్పినదానికంటే ఎక్కువే. పొగని వడకట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉన్న బండైతే సైలెన్సర్ చివర లోపల వేలు పెట్టి తిప్పండి. ఫిల్టర్ బాగుంటే వేలు దాదాపు శుభ్రంగా వస్తుంది. నల్లటి మసి అంటితే ఫిల్టర్ పగిలింది, లేదా తీసేశారు.

"పోయినేడు ఇంజన్ పని చేయించాం" అన్నమాట నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఇంజన్ పని అంటే ఏం చేశారు? అరిగిన బోరులో కొత్త రింగులు వేసి మూసేసినా ఇంజన్ పనే అంటారు. లైనర్లు, పిస్టన్లు, బేరింగులు మార్చి, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంకుని కొలిచి, హెడ్డుని ప్రెషర్ టెస్టు చేసినా అదే మాట. మొదటిది కొన్ని నెలలు పొగ దాచుతుంది, రెండోది ఇంజన్‌కి మళ్లీ ఆయుష్షు పోస్తుంది. బిల్లులు చూపించమని అడగండి. క్రాంకు గ్రైండింగ్ చేయించారా, బేరింగులు ఎంత అండర్‌సైజు (గ్రైండింగ్‌లో క్రాంకు సన్నబడినంత మేర మందంగా ఉండేవి) వేశారు, 0.25 మిల్లీమీటరా 0.50నా? నిజంగా పని చేయించిన ఓనరుకి, లేదా ఆయన మెకానిక్‌కి, ఇది గుర్తుంటుంది. అసలు ఇంజన్ ఎందుకు విప్పాల్సొచ్చిందో కూడా అడగండి. వేడెక్కి పట్టేసిందని చెబితే హెడ్డు, బ్లాకు వంగలేదని ఎవరు కొలిచారో అడగాలి. బిల్లు లేదు, మెకానిక్ పేరు గుర్తులేదు అంటే ఆ పని జరగలేదనే లెక్కగట్టి బేరం చేయండి.

మీ మెకానిక్ మంచివాడే కావచ్చు, కానీ చెవితో విని చెప్పినదానికి ఇంత డబ్బు పెట్టకూడదు. ఆయనకి ఒక పూట కూలి ఇచ్చి పై పనులన్నీ చేయించండి. కొంచెమైనా అనుమానం మిగిలితే కంప్రెషన్ టెస్టు చేయించండి. అంకె ఎంత అన్నదానికంటే ఆరు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నది చూడాలి. మిగతావాటికంటే ఒకటి పది శాతానికి మించి కిందుంటే అక్కడ ఏదో ఉంది. ఆయిల్ కొంతకాలం వాడినదైతే చిన్న సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపడం కూడా మంచిదే. ఇనుము ఎక్కువుంటే లైనర్ల అరుగుదల, రాగి సీసం ఉంటే బేరింగులు, సిలికాన్ ఉంటే దుమ్ము, సోడియం పొటాషియం ఉంటే కూలెంట్ అని వాళ్ల కాగితం చెబుతుంది.

లోపం కనిపించగానే పారిపోవాల్సిన అవసరం లేదు. నాజిళ్లు, టర్బో, కంప్రెసర్, హోస్ పైపులు, బయటి లీకులు ఇవన్నీ ధర తగ్గించుకుని కొనదగ్గవే. ఆయిల్‌లో నీళ్లు, కింది నుంచి బేరింగ్ దెబ్బ, బోరు వల్లే వస్తోందని తేలిన బ్యాక్ కంప్రెషన్, ఈ మూడింట్లో ఏది ఉన్నా ఇంజన్ పూర్తిగా విప్పాల్సిందే అనుకుని, ఆ ఖర్చూ, బండి ఆగే రోజుల వాయిదాలూ ధరలోంచి తీసేసి చూడండి. ఓనరు ఆ ధరకి రాకపోతే వదిలేయండి.

రెండు రోజుల గడువు గురించి. ఓనరుకి నేరుగా చెప్పండి: "రేపు పొద్దున చల్లటి ఇంజన్ చూస్తాను, లోడుతో ఒక గంట నడుపుతాను, బాగుంటే మధ్యాహ్నానికి అడ్వాన్స్ మీ చేతిలో ఉంటుంది." నిజాయితీ గల మనిషికి ఇందులో అభ్యంతరం ఉండదు. ఒక పూట కూడా ఇవ్వనంటే, ఇంకొకరు కొనుక్కున్నా మీరు పోగొట్టుకునేదేమీ లేదు. వెళ్లినప్పుడు బ్లాకు మీద చెక్కిన ఇంజన్ నంబరు కాగితాల్లో ఉన్నదానితో సరిపోయిందో లేదో కూడా చూసుకోండి.

కుదిరితే పరీక్ష అయిన మర్నాడు ఉదయం ఇంకోసారి వెళ్లి కూలెంట్, ఆయిల్ మట్టాలు చూడండి. లోడు మీద గంట నడిచాక రాత్రికి రాత్రి తగ్గినది దాచడం కష్టం. ఆ మట్టాలు, వేడిమీద స్లోలో వచ్చిన ఆయిల్ ప్రెషర్, మూత పరీక్షలో కనిపించింది, ఇంజన్ గంటలు, ఓనరు చూపించిన బిల్లుల్లో ఉన్న పార్టుల పేర్లు, ఇవన్నీ కాగితం మీద రాసుకుని నాకు పంపండి. చూసి వెంటనే జవాబు రాస్తాను. అప్పటిదాకా అడ్వాన్స్ మీ దగ్గరే ఉంచుకోండి.